హెరాల్డ్‌కు స్పిట్‌ఫైర్ బ్రేకులు: విజయనగరం షెడ్డులో చేయించిన పని

మా ఇంటి 1967 నాటి స్టాండర్డ్ హెరాల్డ్‌కు ముందు చక్రాల డ్రమ్ము బ్రేకులు తీయించి, వాటి చోట ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారుకు వచ్చే డిస్కు బ్రేకులు వేయించాను. మే నెలాఖరులో మొదలైన పని వానలు బాగా పట్టాక గాని పూర్తి కాలేదు. ఆ తరువాత ఇప్పటికి పన్నెండు వందల కిలోమీటర్లు తిరిగాను. సాలూరు దాటాక వచ్చే సుంకి ఘాటీని, అంటే కోరాపుట్ వైపు పోయే కొండదారిని, రెండుసార్లు ఎక్కి దిగాను. ఇంగ్లండు నుంచి తెప్పించుకున్న సామాను గురించీ, దాన్ని బిగించిన విజయనగరం షెడ్డు గురించీ కలిపి రాస్తున్న సమీక్ష ఇది. సామాను పరవాలేదు. షెడ్డు పనితనం మాత్రం ముప్పై ఏళ్లుగా ఈ కారును నడుపుతూ నేను చూసినవాటిలో అన్నిటికన్నా మేలైనది.

హెరాల్డ్ స్పోర్ట్స్ కారు కాదు కదా, దానికి స్పిట్‌ఫైర్ బ్రేకులు ఎలా సరిపోతాయని చాలామంది అడిగారు. 1959లో ఇంగ్లండులో విడుదలైన ట్రయంఫ్ హెరాల్డ్‌కు రూపమిచ్చింది ఇటలీకి చెందిన జొవాన్నీ మికెలోట్టి. దానికి విడి చాసిస్ ఉంటుంది, బాడీ దాని మీద బోల్టులతో కూర్చుంటుంది. 1961 నుంచి మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ సంస్థ ఈ కారునే స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో మన దేశంలో తయారు చేసింది. 1962లో ట్రయంఫ్ వారు ఆ చాసిస్ డిజైన్‌నే ఆధారం చేసుకుని, ముందు వెనుక చక్రాల మధ్య దూరాన్ని తొంభై ఒకటిన్నర అంగుళాల నుంచి 83 అంగుళాలకు కురచ చేసి, దాని మీద మికెలోట్టి చేతే రెండు సీట్ల ఓపెన్ బాడీ గీయించి స్పిట్‌ఫైర్‌గా అమ్మారు. అంటే ఆ స్పోర్ట్స్ కారు మన హెరాల్డ్‌కు స్వయానా తోబుట్టువు. రెండింటి ముందు సస్పెన్షన్ ఒకే కుదురుది, చక్రాలు రెండింటికీ 13 అంగుళాలవే. తేడా అంతా బ్రేకుల్లో ఉంది: స్పిట్‌ఫైర్‌కు మొదటి రోజు నుంచీ ముందు తొమ్మిది అంగుళాల డిస్కులు ఇచ్చారు, మన హెరాల్డ్‌కు ఎనిమిది అంగుళాల డ్రమ్ములతో సరిపెట్టారు. వెనుక రెండింటికీ ఏడు అంగుళాల డ్రమ్ములే.

ఈ మార్పు చేయించాలని నేను గట్టిగా అనుకున్నది రెండేళ్ల కిందట సంక్రాంతి సెలవుల్లో. కోరాపుట్ నుంచి తిరిగి వస్తున్నాం. కారులో నేను, నా భార్య, మా తమ్ముడు, మరదలు. డిక్కీ నిండా సామాను. సుంకి దాటి కిందకు దిగుతుంటే ముందు నిండు లోడు లారీ ఒకటి మెల్లగా పోతోంది. రెండో గేరులో పెట్టినా సరే, ప్రతి మలుపు దగ్గరా బ్రేకు నొక్కక తప్పలేదు. ఆరో మలుపో ఏడో మలుపో వచ్చేసరికి కాలిన లైనింగు వాసన కారులోకి కొట్టింది. ఆ తరువాతి మలుపులో నేను పెడల్‌ను ఎంత బలంగా తొక్కినా అది రాయిలా గట్టిగా నిలబడిందే తప్ప, బండి వేగం తగ్గలేదు. హ్యాండ్ బ్రేకు లాగి, మొదటి గేరులోకి దింపి, కొండ వైపున్న మట్టి అంచుకు చక్రాలు ఆనించి ఆపాను. మా మరదలు ఆ రోజు నుంచి ఆ కారు ఎక్కలేదు.

నేను కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని కాబట్టి జరిగింది ఏమిటో తెలియక కాదు. ఘాటీలో దిగే బండి కోల్పోయే ఎత్తు తాలూకు శక్తి అంతా వేడిగా మారాలి, ఆ వేడి డ్రమ్ము లోపలే పుడుతుంది, డ్రమ్ము మూత పెట్టిన గిన్నె వంటిది కాబట్టి అది బయటికి పోవడానికి చాలా సేపు పడుతుంది. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి, లోపలి నుంచి దానికి ఒరుసుకునే షూలకు దూరం జరుగుతుంది, షూల మీది లైనింగు అతిగా కాగితే పట్టు కోల్పోతుంది. పెడల్ గట్టిగా ఉండి బండి ఆగకపోతే లైనింగు కాగిందని అర్థం. పెడల్ మెత్తబడి కిందకు దిగిపోతే బ్రేకు ఆయిల్ మరిగి గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరాయని అర్థం. మాకు ఆ రోజు జరిగింది మొదటిది. డిస్కు చక్రంతో పాటు తిరిగే పళ్లెం, రెండు వైపుల నుంచీ ప్యాడ్లు దాన్ని నొక్కుతాయి; అది గాలికి తెరిచి ఉంటుంది. వేడెక్కితే ప్యాడ్ల వైపే ఉబ్బుతుంది గాని దూరం జరగదు. తడిసినా రెండు తిప్పులు తిరిగేసరికి నీరు విదిలించుకుంటుంది. మన వైపు వానాకాలంలో గెడ్డ పొంగి రోడ్డు మీదికి వచ్చిన నీళ్లలోంచి దాటాక డ్రమ్ము బ్రేకు బండిని ఒక పక్కకు లాగేయడం పాత బండ్లు నడిపిన ప్రతివారికీ అనుభవమే.

ఇంగ్లండులో పాత ట్రయంఫ్ కార్ల విడిభాగాలు అమ్మేవారు ఇప్పటికీ ఉన్నారు. నేను ఎంచుకున్న దుకాణం నుంచి వచ్చిన పెట్టెలో రెండు డిస్కులు, ప్యాడ్లను డిస్కు మీదికి నొక్కే కాలిపర్లు రెండు, వాటిని పట్టే బ్రాకెట్లు, హబ్బులు, మట్టి తగలకుండా వెనుక వేసే రేకులు, ప్యాడ్లు, నిలువు కడ్డీలు, వాటి కింది ఇత్తడి ట్రనియన్లు, నాలుగు స్టీలు అల్లిక గొట్టాలు ఉన్నాయి. కస్టమ్స్ సుంకంతో కలిపి 71,000 రూపాయలయింది. డిస్కుల పని నాణ్యంగా ఉంది. కాలిపర్లు పాతవే బాగుచేసి కొత్త పిస్టన్లు వేసినవి; వాటిలో ఒకదాని దుమ్ము రబ్బరు సరిగ్గా కూర్చోలేదు. అసలు తప్పు గొట్టాల్లో జరిగింది. మన హెరాల్డ్ కాలంలో బ్రేకు గొట్టాల నట్లు అన్నీ అంగుళాల కొలతవి, అంటే మూడు బై ఎనిమిది అంగుళాల యూఎన్ఎఫ్ మర, అంగుళానికి 24 చుట్లు. నాకు వచ్చిన నాలుగింటిలో రెండు గొట్టాలు 10 మిల్లీమీటర్ల మెట్రిక్ మరవి. కంటికి రెండూ ఒకటే. వ్యాసంలో తేడా అర మిల్లీమీటరు కన్నా తక్కువ, చుట్టుకు చుట్టుకు మధ్య దూరంలో తేడా ఇంకా తక్కువ.

ఆ తేడా నాకు తెలిసేలోపే నష్టం జరిగింది. పని మొదట వేరే ఊళ్లో ఒక పెద్ద గ్యారేజీకి ఇచ్చాను. అద్దాల గది, కంప్యూటర్ బిల్లు, చల్లటి మంచినీళ్లు అన్నీ ఉన్నాయి. వారి ఫిట్టరు ఆ మెట్రిక్ గొట్టాన్ని స్పానర్‌తో బలవంతంగా బిగించి, మర తినేసిన తరువాత, "ఇది అంతే సార్, పాత బండి కదా, కాస్త కారుతుంది" అని చెప్పాడు. బ్రేకు గొట్టం కాస్త కారడం అనే మాట విన్నాక నేను అక్కడ ఒక్క నిమిషం ఉండలేదు. ఈ బండిలో పెడల్ తొక్కితే ఆయిల్‌ను గొట్టాల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ ఒకటే, నాలుగు చక్రాలకూ ఆయిల్ పోయే దారి ఒకటే. ఎక్కడ ఒక్క గొట్టం తెగినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి, మిగిలేది వెనుక చక్రాలను పట్టే హ్యాండ్ బ్రేకు మాత్రమే. ఆ సంగతి తెలియనివారు పాత కారు బ్రేకుల మీద చేయి వేయకూడదు. బండిని వ్యాను మీద ఎక్కించి విజయనగరం తెచ్చేశాను.

ఇక్కడి షెడ్డు గజపతినగరం వెళ్లే దారిలో, ఊరు దాటే చోట, ఒక వేపచెట్టు కింద ఉంది. పైన రేకులు, కింద గట్టిపరిచిన మట్టి నేల, ఒక పక్క గొయ్యి, ఇంకో పక్క పాత లేతు. మేస్త్రి వయసు అరవై పైనే ఉంటుంది. లారీ పరిశ్రమకు పేరుమోసిన సాలూరులో ఇరవై ఏళ్లు బ్రేకు పనే చేశారు. ఘాటీ ఎక్కి దిగే లారీల బ్రేకులు చూసిన చేతులవి. ఆయనతో పాటు ఆయన మేనల్లుడు, ఇంకొక కుర్రాడు పనిచేస్తారు. బండి దింపగానే ఆయన చెడిపోయిన గొట్టాన్ని పక్కన పెట్టి, బాగున్న ఇంకో గొట్టం నట్టును కాలిపర్ రంధ్రంలో పెట్టి, స్పానర్ తాకకుండా వేళ్లతోనే తిప్పి చూశారు. రెండో గొట్టానికీ అలాగే చేశారు. ఒకటి వేళ్లతోనే చివరి దాకా పోయింది. రెండోది రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది.

"మాస్టారూ, మీరేటీ అనుకోకండి. బ్రేకు నట్టు సివరి దాకా ఏళ్లతోనే పోవాలండి. స్పానరు బిగించడానికే గాని ఎక్కించడానికి కాదు. ఇది వేరే మర" అన్నారు.

ఆ మాట నేను కాగితం మీద రాసిపెట్టుకున్నాను, ఎందుకంటే ఈ పనంతటిలో పాత బండి ఉన్న ఎవరికైనా నేరుగా పనికివచ్చే పరీక్ష అదొక్కటే. కొలిచే సాధనాలు ఏవీ అక్కరలేదు. వేళ్లతో పోని నట్టును ఎవరైనా స్పానర్‌తో ఎక్కిస్తుంటే ఆపండి.

చెడిన గొట్టాలకు బదులు సరైనవి పంపమని దుకాణానికి రాస్తే, వారు వాదించకుండా పంపారు గాని, అవి చేరడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. ఆ పంతొమ్మిది రోజుల్లో మేస్త్రి చేసిన పనే ఈ సమీక్షకు అసలు కారణం. నేను ముందు చక్రాలకు డిస్కులు బిగించమని అడిగాను. ఆయన మొదట వెనుక డ్రమ్ములు విప్పారు. "ముందర ఎంత మంచిది ఏసినా, ఎనక సక్రం ముందుగా పట్టేస్తే బండి తిరిగిపోద్ది మాస్టారూ" అన్నారు. మాట సరైనది. బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు వాలుతుంది, వెనుక చక్రాలు తేలికపడతాయి. అవి ముందుగా జామ్ అయితే బండి తోక తిరుగుతుంది. పైగా హెరాల్డ్‌కు వెనుక స్వింగ్ యాక్సిల్ ఉంది, అంటే ఒక్కో చక్రం తన ఇరుసుతో పాటు పైకీ కిందికీ ఊగుతుంది. మలుపు మధ్యలో హఠాత్తుగా బ్రేకు వేస్తే వెనుక చక్రం కిందికి ముడుచుకునే స్వభావం ఈ బండికి మొదటి నుంచీ ఉన్నదే. అందుకే ముందు డిస్కులు వేసినప్పుడు వెనుక చక్రాల సిలిండర్ల బోరు, అంటే లోపలి వ్యాసం, వాటికి తగినట్టు ఉందో లేదో చూడకుండా వదలకూడదు.

వెనుక డ్రమ్ము ఊడదీసినప్పుడు నేను పక్కనే కూర్చున్నాను. కుర్రాడు గాలి గొట్టం తెచ్చి దుమ్ము ఊదబోతే మేస్త్రి వాడి చేయి పట్టుకుని ఆపారు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం కాబట్టి తడిగుడ్డతోనే తుడవాలి. తుడిచాక కనిపించింది చూస్తే మనసు చివుక్కుమంది. ఎడమ చక్రం షూలు బడిపిల్లల పలకలా నున్నగా, నల్లగా మెరుస్తున్నాయి; సిలిండర్ రబ్బరు టోపీ కొద్దిగా ఎత్తితే లోపలి నుంచి టీ రంగు ఆయిల్ జారింది. కుడి చక్రం సిలిండర్ తుప్పుతో బిగిసిపోయి అసలు కదలడం లేదు. అంటే ఎన్నాళ్లుగానో మా బండి వెనుక బ్రేకులు సగం పనే చేస్తున్నాయి, ఆ భారం ముందు డ్రమ్ముల మీద పడుతోంది. ఘాటీలో లైనింగులు కాగిపోవడానికి డ్రమ్ము బ్రేకుల చేతకానితనం ఎంత కారణమో, ఏళ్ల తరబడి వెనుక చక్రాలు విప్పి చూడని నా నిర్లక్ష్యమూ అంతే కారణం.

కొత్త వెనుక సిలిండర్లు, లైనింగులు మార్చిన షూలు వేయించారు. రెండు డ్రమ్ములనూ లేతు మీద పల్చగా కోసి గుండ్రం సరిచేశారు. ఎంత కోశారో వెర్నియర్ పెట్టి నాకు చూపించి, డ్రమ్ముల మీద సుద్దతో రాశారు. ఇంజను దగ్గర నుంచి వెనుక దాకా పోయే ఉక్కు గొట్టాలన్నీ తీసేసి రాగి నికెల్ మిశ్రమం గొట్టాలు వేశారు. తీరం దగ్గరి గాలి తగిలే మన జిల్లాలో ఉక్కు గొట్టం బయటికి బాగున్నట్టు కనిపించినా క్లిప్పు కింద తుప్పు తినేస్తుంది. మా పాత గొట్టాన్ని క్లిప్పు ఉన్న చోట గోరుతో గీకితే పొర ఊడి వచ్చింది. గొట్టం చివర గరాటులా విప్పే పనిని ఆయన దీపం కింద పెట్టి చేశారు, అంచులో వెంట్రుకంత పగులు కనిపించినా కోసి పారేసి మళ్లీ చేశారు. ఒక చివరను నాలుగుసార్లు చేశారు. దీనికి కూలీ ఎంత అడుగుతారోనని నేను లోపల లెక్క వేసుకుంటున్నాను గాని, బిల్లులో ఆ పనిని ఒక్కసారికే రాశారు.

ముందు వైపు విప్పినప్పుడు మరొకటి బయటపడింది. హెరాల్డ్, స్పిట్‌ఫైర్ కార్ల ముందు చక్రాన్ని మోసే నిలువు కడ్డీ కింద చివర మర ఉంటుంది, అది ఇత్తడి ట్రనియన్‌లో కూర్చుని స్టీరింగు తిప్పినప్పుడల్లా తిరుగుతుంది. అందులో గ్రీజు పెట్టకూడదు, గట్టి గేరు ఆయిల్ పోయాలి. గ్రీజు పెడితే అది పైనే గడ్డకట్టి, మర దగ్గరకు చేరదు; నీరు చేరి కడ్డీ లోపల తుప్పు పట్టి, ఒకనాడు చక్రం విరిగి పడిపోతుంది. మా బండికి ఎన్ని సర్వీసుల్లో ఎంతమంది గ్రీజు గన్ పెట్టి కొట్టారో, ఆ గ్రీజు ఎండిన బెల్లంలా ఊడి వచ్చింది. కొత్త కడ్డీలు, ట్రనియన్లు పెట్టెలోనే ఉండడం మా అదృష్టం. ఎడమ వైపు దానికి ఎడమ మర, కుడి వైపు దానికి కుడి మర ఉంటుంది, తారుమారు చేయడానికి వీల్లేదు. మేస్త్రికి ఈ బండితో పరిచయం తక్కువ. అయినా బిగించే ముందు రెండు కడ్డీల మరలనూ పక్కపక్కన పెట్టి చూసి, తేడాను తనంతట తాను పట్టుకున్నారు. డిస్కులు బిగించాక డయల్ గేజి పెట్టి, చక్రం చేత్తో తిప్పి, డిస్కు ఎక్కడైనా ఊగుతోందేమో చూశారు. ఎడమది కొద్దిగా ఊగింది. హబ్బు మీద అది కూర్చునే ముఖాన్ని శుభ్రం చేసి, ఇంకో రంధ్రానికి జరిపి బిగిస్తే సరిపోయింది.

గొట్టాల్లోని గాలి తీసిన తీరు కూడా చెప్పాలి. మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికన్నా దూరంగా ఉన్న వెనుక ఎడమ చక్రంతో మొదలుపెట్టారు. ఒక గాజు సీసాలో కాస్త బ్రేకు ఆయిల్ పోసి, పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం కొస అందులో మునిగేలా పెట్టి, మేనల్లుడు లోపల కూర్చుని పెడల్ తొక్కుతుంటే, ఆయన ఆ గొట్టంలో పైకి వచ్చే బుడగలను చూస్తూ కూర్చున్నారు. కాలిపర్ల దగ్గరకు వచ్చాక చెక్క సుత్తితో చిన్నగా తట్టారు. ఒకటి, రెండు, తరువాత ఏమీ లేదనుకున్నాక ఇంకో బుడగ ఆవగింజంత వచ్చింది. అది కూడా పోయాక, మరునాడు పొద్దున్న మళ్లీ మొత్తం చేశారు. డాట్ 4 తరగతి బ్రేకు ఆయిల్ వాడారు. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా, డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకుండా నిలవాలని ప్రమాణం. గాలిలోని తేమను పీల్చుకున్నాక ఆ అంకెలు 140కి, 155కి పడిపోతాయి. మన తీరప్రాంతపు తేమలో రెండేళ్లకు ఒకసారి ఆయిల్ మార్చడం తప్పనిసరి అనే నేను అంటాను.

ఫలితానికి వస్తే, కొత్త ప్యాడ్లు కుదురుకోవడానికి మొదటి మూడు వందల కిలోమీటర్లు గట్టిగా తొక్కకుండా నడిపాను. తరువాత ఒక ఆదివారం తెల్లవారుజామున, నాతవలస వైపు బండ్లు తిరగని ఒక పక్క రోడ్డులో, మా తమ్ముణ్ని సాక్షిగా పెట్టుకుని టేపుతో కొలిచాను. గంటకు అరవై కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగడానికి పని చేయించకముందు ఇదే రోడ్డులో సగటున 29 మీటర్లు పట్టింది. ఇప్పుడు సగటున 21 మీటర్లు. టైర్లు అవే, మనుషులు వారే. ఎనిమిది మీటర్లంటే రెండు హెరాల్డ్‌ల పొడవు. అంతకంటే నాకు ముఖ్యమైనది, ఐదోసారి తొక్కినప్పుడూ మొదటిసారి ఆగినట్టే ఆగింది, స్టీరింగు ఏ పక్కకూ లాగలేదు.

ఘాటీకి మొదటిసారి ఒంటరిగానే వెళ్లాను. విజయనగరం నుంచి సాలూరు సుమారు అరవై కిలోమీటర్లు. ఆ దారిలో బ్రేకుతో పెద్ద పని లేదు. సుంకి దాకా ఎక్కి, అరగంట ఆగి, అదే రెండో గేరులో దిగాను. రెండేళ్ల కిందట ఆగిపోయిన మట్టి అంచు దగ్గర బండి నిలిపి, దిగి, చక్రాలకు చేయి దగ్గరగా పెట్టి చూశాను. వేడి బాగా ఉంది, కాని వాసన లేదు, పెడల్ పొద్దున్న ఇంటి దగ్గర ఎంత ఎత్తులో ఉందో అంతే ఎత్తులో ఉంది. వర్షంలో రెండోసారి వెళ్లినప్పుడు నా భార్య కూడా వచ్చింది.

లోపాలు ఉన్నాయి. డ్రమ్ము షూ తిరిగే దిశలో లోపలికి లాక్కుపోయి తన పట్టును తానే పెంచుకుంటుంది. డిస్కుకు ఆ గుణం లేదు, కాలి బలమే దాని బలం. కాలి బలానికి తోడుపడే సర్వో లేదు కాబట్టి పెడల్ మునుపటికన్నా బరువుగా ఉంది. నాకు ఇబ్బంది లేదు గాని, నా భార్యకు కాలు నొప్పి పుడుతోంది. సీటు ఒక మెట్టు ముందుకు జరుపుకుంటే కొంత నయమని చెప్పింది. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు బయటికి వచ్చి ఆ ఖాళీలోకి ఆయిల్ చేరుతుంది కాబట్టి డబ్బాలో మట్టం మెల్లగా తగ్గుతుంది, నెలకొకసారి మూత తీసి చూడాలి. ఒకే దారి ఆయిల్ సమస్య ఈ పనితో తీరలేదు. రెండు దారులున్న టాండెమ్ మాస్టర్ సిలిండర్ వేయించేదాకా నా మనసు పూర్తిగా నిమ్మళించదు.

షెడ్డు మీద నా ఫిర్యాదులు మూడు. చెప్పిన తేదీకి పదకొండు రోజులు ఆలస్యమయింది. ఇందులో గొట్టాల కోసం ఆగిన రోజులు కలపలేదు. మధ్యలో ఊళ్లోని బస్సుల పని వస్తే మా బండిని పక్కకు నెట్టారు, ఆ సంగతి నాకు ఫోను చేసి చెప్పలేదు. కుర్రాడు ముందు మడ్‌గార్డు మీద బ్రేకు ఆయిల్ చిందించాడు. వెంటనే నీళ్లు కుమ్మరించి కడిగారు గనక రంగు ఊడిపోలేదు గాని, రూపాయి బిళ్లంత చోట మెరుపు తగ్గింది. పని మొదలుపెట్టే ముందే దుప్పటి కప్పి ఉంటే ఆ మచ్చ ఉండేది కాదు. బిల్లు కూడా మొదట ఒకే అంకెగా చెప్పారు, విడివిడిగా రాయమంటే అప్పుడు రాశారు. కూలీ 16,500, లేతు పని 1,800, గొట్టాలు, సిలిండర్లు, షూలు, ఆయిల్ కలిపి 11,200. పని నాణ్యతతో పోలిస్తే ఇది తక్కువే. మొదటి గ్యారేజీ వారు మర తినేసినందుకు తీసుకున్న ఆరు వేలు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇదే పని చేయించాలనుకునేవారికి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. చేతిలో ముప్పై వేలే ఉంటే డిస్కుల జోలికి పోవద్దు. గొట్టాలన్నీ, నాలుగు చక్రాల సిలిండర్లు, లైనింగులు, ఆయిల్ మార్చి, డ్రమ్ములు కోయించండి. ఊళ్లో తిరిగే హెరాల్డ్‌కు అది చాలు. మా బండికి వచ్చిన మార్పులో దాదాపు సగం ఆ పనుల వల్లే వచ్చిందని నా నమ్మకం. ఘాటీలు ఎక్కేవారు, హైవే మీద లారీల మధ్య ఎనభైలో పోయేవారు మాత్రం డిస్కులకు ఖర్చు పెట్టాలి: అరవై నుంచి ఎనభైకి వేగం పెరిగితే బ్రేకులు మింగాల్సిన శక్తి దాదాపు 1.8 రెట్లవుతుంది. తీసిన డ్రమ్ములు, హబ్బులు, పాత కడ్డీలు పారేయకండి. యాభై ఏళ్లు దాటిన కార్లకు 2021 నుంచి ఇస్తున్న వింటేజ్ రిజిస్ట్రేషన్‌లో చాసిస్, బాడీ, ఇంజనులను గణనీయంగా మార్చకూడదని నియమం ఉంది. బ్రేకులు ఆ మాటలో లేకపోయినా, కావాలనుకున్న రోజున బండిని అసలు రూపానికి తేగలిగితే మంచిది. మావన్నీ నూనె రాసి, గోనె సంచిలో చుట్టి అటక మీద పెట్టాను.

షెడ్డు ఆదివారం ఉండదు. సిరిమాను పండుగ ముందు వారం కొత్త పని తీసుకోరు. ముందుగా వెళ్లి మాట్లాడుకుని, సామాను అంతా చేరాకే బండి తీసుకెళ్లండి, లేకపోతే నాలాగే వారాల తరబడి వేపచెట్టు కింద వదిలేయాల్సి వస్తుంది. అయిదు వందల కిలోమీటర్ల తరువాత ఒకసారి చూపించమని మేస్త్రి చెబితే వెళ్లాను. నాలుగు చక్రాలూ విప్పి, ప్రతి నట్టు దగ్గరా తెల్ల కాగితం ముక్కతో ఒత్తి, తడి అంటిందేమో వెలుతురులో పెట్టి చూశారు. కాగితాలన్నీ పొడిగా వచ్చాయి. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. టాండెమ్ సిలిండర్ తెప్పించుకుంటే దీపావళి తరువాత రమ్మన్నారు.